ఆనకట్ట సభలో మూడు పీటలు

“ఆనకట్ట తలుపులు మళ్ళీ మూసేస్తున్నారు, దొరా!” అని కోట వీధి చివరి నుంచి పెద్ద కేక.

ఏ కాలమో, ఏ రాజ్యమో నన్నడక్కండి పిల్లలూ. ఒక ఏరు మాత్రం ఉండేది. కొండల్లో పుట్టి, రాజధాని పక్కనుంచి, పొలాల మీదుగా సముద్రానికి పోయేది. రాజధాని దగ్గర ఆనకట్ట. దాని తలుపులు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో ముగ్గురు పెద్దల సభ చెప్పేది. తమాషా ఏమిటంటే, ఆ ముగ్గురిదీ రాజధానిలో ఒకే వీధి. తమ తోటలు కాస్త వాడితే చాలు, తలుపులు మూయించేవారు. అప్పుడు సముద్రపు నీరు ఏట్లోకి ఎగదన్ని, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న రేవు ఊరి బావులన్నీ ఉప్పెక్కేవి.

కేక వేసింది ఆ రేవు ఊరి పోలమ్మే. “ఇంకోసారి మూస్తే మేం ఊరొదిలి పోవాల్సిందే, దొరా” అని రాజుగారి ముందు నిలబడింది.

వీరకేతు రాజు విస్తరి ముందు నుంచి లేచాడు. “పాత సభ రద్దు. ఇక కొండకొకరు, పొలాలకొకరు, తీరానికొకరు. ముగ్గురూ కూర్చుని ఒక మాటకొచ్చేదాకా కోటలో ఎవరూ ముద్ద ముట్టకూడదు” అన్నాడు. వంటవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

కొండ పీట కోసం ముందు వర్తకుడు కుప్పయ్య వచ్చాడు. “ప్రభూ, నేను కొండవాణ్ణి. అక్కడ నాకో తోట ఉంది.”

“అక్కడ పొయ్యి వెలిగించేదెవరు?”

“మా కాపలావాడు ప్రభూ.”

“అయితే అతన్ని పంపు.”

తర్వాత రాజుగారి బావమరిది. “నేను పొలాలవాణ్ణి బావగారూ. మా అత్తవారు అక్కడే.”

“తరచూ వెళ్తావా?”

“పిలిచినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. ఈమధ్య పిలవడం మానేశారు.”

సభంతా నవ్వింది. “మీ మామగారిని పంపు” అన్నాడు రాజు.

మూడోవాడు నూకయ్య. రేవు ఊళ్ళో పుట్టి, రాజధానిలో తోట వేసుకుని స్థిరపడ్డవాడు. పోలమ్మ మొహం వెలిగింది. “మావాడే దొరా, కూర్చోబెట్టండి.”

నూకయ్య తల అడ్డంగా ఊపాడు. “వద్దక్కా. ఈ ఏడు తెరవమనే అంటాను. వచ్చే ఏడు నా తోట ఎండితే నా నోరు ఏమంటుందో నాకే తెలీదు. ఆ నీళ్ళు తాగేది నువ్వు. నువ్వే కూర్చో.”

“ముందే చెప్పావు, నయమేరా” అని పోలమ్మ వెళ్ళి పీట మీద కూర్చుంది.

రాజు మురిసిపోయాడు. “ఇతను తన మీద తనే కాపలా పెట్టుకున్నాడు. సభ చెప్పినట్టు తెరిచేందుకు ఆనకట్ట తాళాలు ఇతనికే ఇవ్వండి” అన్నాడు.

కొండ కాపలావాడూ, పొలాల మామగారూ బళ్ళ మీద వచ్చేసరికి పొద్దు వాలింది. ముగ్గురూ గట్టిగానే వాదులాడుకున్నారు. చివరికి, రేవు బావులు ఉప్పెక్కకుండా ఉండేంత నీరు ఎప్పుడూ కిందికి వదలాలని ఒప్పుకున్నారు.

“వడ్డించండిక” అన్నాడు రాజు నీరసంగా. కొత్తవాళ్ళూ, పీటలు పోయిన పాతవాళ్ళూ, రాజుగారూ ఒకే బంతిన కూర్చుని అన్నం కలుపుకున్నారు.

కాబట్టి పిల్లలూ, అందరి ఏటి గురించి తీర్పు చెప్పే చోట ప్రతి సీమకూ ఒక పీట ఉండాలి. ఆ సీమ నీళ్ళు తాగనివాడు తనంతట తానే పక్కకు జరగాలి.