తిరగేసిన గుడ్లు

సముద్రం పక్కనున్న ఒక విశ్వవిద్యాలయంలో కన్జర్వేషన్ బయాలజీ చదివే దాలినాయుడికి ఒక గొప్ప గుణం ఉండేది: ఏదీ అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టేవాడు కాదు. తెలియనిదానికి కూడా తెలిసినట్టే తలూపి ఊరుకునేవాడు. అలా అందరి సమయం మిగులుస్తున్నానని అతని నమ్మకం.

అతని క్లాసులోనే చదివే నసీమాకు ఆ గుణం బొత్తిగా లేదు. అన్నీ అడిగేది. అడిగినదాన్నే మళ్లీ అడిగేది. "నువ్వు పరీక్ష రాయడానికి వచ్చావా, మేడమ్‌కి పెట్టడానికి వచ్చావా?" అని దాలినాయుడు ఆటపట్టించేవాడు.

ఆఖరి సంవత్సరం వచ్చింది. సముద్రపు తాబేళ్లను కాపాడే ఒక సంస్థ ఏటా ఒక విద్యార్థికి ఉద్యోగం ఇచ్చేది. ఎవరికివ్వాలన్నది వాళ్లకు పాఠాలు చెప్పే సుభాషిణి మేడమ్ చెప్పేవారు. అది తనకే వస్తుందని దాలినాయుడు ఇంట్లో చెప్పేశాడు. వాళ్ల నాన్న వచ్చేసిందని ఊరంతా చెప్పేశాడు.

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మేడమ్ ఇద్దరినీ తీరానికి తీసుకెళ్లారు. అలలకు కొట్టుకుపోయేచోట ఉన్న గూళ్లలోంచి గుడ్లు తీసి, గుడ్లు పొదగడానికి కంచె కట్టిన హేచరీలో ఇసుక తవ్వి పెట్టాలి. ఎలా తీయాలో తెలుసా అని ఆమె అడిగారు. తెలుసన్నాడు దాలినాయుడు. నసీమా తెలియదని చెప్పి ప్రశ్నలు మొదలుపెట్టింది. అవన్నీ వినే ఓపిక లేక అతను బకెట్ పట్టుకుని ముందే వెళ్లిపోయాడు.

అతని పని చూడముచ్చటగా సాగింది. ఒక్కో గుడ్డునూ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి ఇసుక తుడిచి, పెళ్లివారి లడ్డూల్లా పేర్చాడు. నసీమా బకెట్‌లో గుడ్ల కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. చూసి జాలిపడ్డాడు.

నెలన్నర దాటాక నసీమా పెట్టిన గూటిలోంచి పిల్లలు బిలబిలమంటూ పైకొచ్చాయి. దాలినాయుడి గూటి మీద ఇసుక కదలలేదు. అతను రోజూ వెళ్లి కంచె దగ్గర కూర్చునేవాడు. చివరికి మేడమ్ తవ్వించారు. ఒక్క గుడ్డులోంచీ పిల్ల రాలేదు.

"తడి ఎక్కువైందేమో. నీ తప్పు కాకపోవచ్చులే" అన్నారు మేడమ్.

తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి దొరకదు. దాలినాయుడు తలూపబోయాడు. చేతిలో ఉన్న గుడ్డును చూసి ఆగిపోయాడు.

"మేడమ్, గుడ్లను తిప్పి తుడిస్తే ఏమవుతుంది?" అన్నాడు.

చదువు మొత్తంలో అది అతను అడిగిన మొదటి ప్రశ్న. తాబేలు గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం గుడ్డు పైభాగానికి అంటుకుంటుందనీ, ఆ తర్వాత తిప్పితే ఊడి చచ్చిపోతుందనీ మేడమ్ చెప్పారు.

"మరి ఆ రోజు తెలుసన్నావేం?"

"తెలీదనడానికి నామోషీ అయింది మేడమ్."

ఉద్యోగం నసీమాకు వచ్చింది. దాలినాయుడి నాన్న కొన్నాళ్లు ఊళ్లో ఎవరికీ ఎదురుపడలేదు. దాలినాయుడు మాత్రం తీరం వదల్లేదు. ఇదే పని చేస్తాను, చేతనయ్యేదాకా చేస్తాను అని పట్టుబట్టి, మరుసటి ఏడాది జీతం లేకుండా నసీమా కిందే చేరాడు.

"పైవైపు పైకే ఉండాలి నాయుడూ. అర్థం కాకపోతే మళ్లీ అడుగు" అనేది ఆమె.

అడిగేవాడు. ఆ ఏడాది అతను ఎత్తిపెట్టిన గూళ్లలోంచి పిల్లలు సముద్రం చేరాయి. అడిగేటప్పుడు చెవులు ఎర్రబడకుండా ఉండడం మాత్రం అతనికి ఇప్పటికీ చేతకాలేదు.

తెలియనిది అడగడానికి సిగ్గుపడేవాడి తప్పుకు శిక్ష, వాడికంటే ముందు వాడి చేతిలో ఉన్న ప్రాణాలకు పడుతుంది.