జపాను బాతు నేర్పిన పోనీలే

కొల్లేటి మీద మంచు కమ్మితే నీళ్లేవో ఆకాశమేదో పోల్చుకోలేం. తుంగదుబ్బులు గాల్లో తేలుతున్నట్టుంటాయి. అలాంటి ఒక పొద్దున జపాను నుంచి ఓ బాతు వచ్చి వాలింది. దాని తీరే వేరు. ముక్కున పట్టిన చేప జారిపోతే మనవాళ్లు పొద్దున్నే ఎవరి మొహం చూశామా అని తిట్టుకుంటారు కదా, ఇదేమో తోకాడించి "మా, ఇక్కా" అనేసి ఇంకో చేప కోసం మునిగేది. అదేం మాటని గేదె అత్త అడిగితే, మా దేశంలో పోనీలే అనడానికి అలా అంటామంది.

ఇంకేముంది, కొల్లేరంతా అదే పాట. ఎవరైనా బురదలో జారి కూలబడితే వాళ్లే "మా" అనేవారు, చుట్టూ ఉన్నవాళ్లు "ఇక్కా" అని అందుకునేవారు. ఆ నవ్వుల్లో దెబ్బ నొప్పి కూడా తెలిసేది కాదు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అందుకునేది నక్క. ఊరికే అందుకుంటుందా, దాని ఎత్తు దానిది.

తుంగలో నీటికోడి గూడు కట్టుకుని గుడ్లు పెట్టింది. మేతకెళ్లొచ్చేసరికి ఓ గుడ్డు మాయం. మర్నాడు ఇంకోటి. అది ఏడుస్తూ వస్తే నక్క దగ్గరికొచ్చి, ఏడిస్తే పోయింది తిరిగొస్తుందా చెల్లెమ్మా, "మా" అనెయ్యమని ఓదార్చింది. ఆ పిచ్చి కోడి కూడా "మా" అంది. అందరూ "ఇక్కా" అని నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే. కోడి గూటికెళ్లి, మిగిలిన ఒక్క గుడ్డునీ రెక్క కింద పొదువుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనే మేస్తున్న గేదెకి ఆ ఏడుపు వినబడి, తను కూడా నవ్వినందుకు సిగ్గేసింది.

మర్నాడు కోడి మేతకి వెళ్లగానే గేదె గూటి నుంచి గట్టుకొచ్చే దారిలో కాపు కాసింది. మంచులోంచి నక్క వస్తోంది, నోట్లో ఆ ఆఖరి గుడ్డు. వెంటబడితే పళ్లు బిగిస్తుంది, గుడ్డు చితుకుతుంది. గేదె కాసేపు ఆలోచించి, కావాలనే బురదలో దబ్బున కూలబడి, "మా" అంది.

అలవాటులో పొరపాటు. "ఇక్కా" అని నక్క నోరంతా తెరిచింది. గుడ్డు జారి, దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క మీద మెత్తగా పడింది. గేదె ఒక్క ఉదుటున లేచి కొమ్ములు అడ్డం పెట్టింది.

కోడి పరుగెత్తుకొచ్చి గుడ్డుని గుండెకి హత్తుకుంది. బాతూ వచ్చింది. అందరూ పోగయ్యారు. నక్క పళ్లికిలించి, అయిందేదో అయింది, నవ్వేసుకుందాం అంటూ "మా" అంది.

ఎవరూ అందుకోలేదు.

"నా ముక్కులోంచి చేప జారితే అనే మాట అది, నక్క బావా," అంది బాతు. "నువ్వు లాక్కుపోతే అనేది కాదు."

నక్క తోక ముడిచి మంచులోకి నడిచింది. మళ్లీ ఆ గట్టున కనబడలేదు.

కాలు జారితే నవ్వుకో, కడుపుకోత పెడితే నిలదియ్యి.