నూరో ర్యాంకు పందికొక్కు

అనగనగా ఒక అడవి ఉండేది. కొండల్లో, కోనల్లో వెతక్కండి, దొరకదు. అది ఒక ఫోనులో, ఒక ఆటలో ఉండేది.

ఆ ఆట మీకు తెలిసే ఉంటుంది. అడవిలో తిరగాలి. వింత వింత జంతువుల్ని పట్టుకోవాలి. వాటిని వెంటబెట్టుకుని కొండ మీది కోట దాకా పోవాలి. ఎన్నిటిని పట్టుకున్నా వెంట నడిచేవి మాత్రం నాలుగే. మిగతావన్నీ ఒక పెట్టెలోకి పోతాయి. ఆ పెట్టెలో ఎండ ఉండదు, గాలి ఉండదు, కాళ్ళ కింద మట్టి ఉండదు. అందులోకి పోయినదాన్ని మళ్ళీ బయటికి తీసేవాళ్ళు చాలా తక్కువ. కొత్త జంతువు దొరికిన సంబరంలో పాతదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

కుందన అనే పిల్ల ఈ ఆట ఆడేది. బయట ఆ పిల్ల మంచం మీద బోర్లా పడుకుని వేలితో ఆడేది. లోపల ఆమె బొమ్మ నడిచేది. జంతువులు ఆ బొమ్మతోనే మాట్లాడేవి, ఆ బొమ్మనే కుందన అని పిలిచేవి. మనమూ అలాగే పిలుద్దాం.

కుందన జట్టులో నాలుగు జంతువులున్నాయి. తోకతో నిప్పు చిమ్మే పులి. పింఛం విప్పితే మెరుపు మెరిసే నెమలి. కొమ్ములతో బండల్ని పగలగొట్టే దున్న. నాలుగోది ఒక పందికొక్కు. దాని పేరు మంగి.

మంగికి నిప్పు రాదు, మెరుపు రాదు. అది తవ్వుతుంది, అంతే. ముళ్ళకంప అడ్డొస్తే కింద వేళ్ళు కొరికి దారి చేస్తుంది. చీకటి గుహ వస్తే మీసాలతో తడిమి దారి చెబుతుంది. అడ్డు వచ్చినప్పుడల్లా కుందన "మంగీ, ముందుకు రా" అనేది. మంగి ముందుకు పోయేది. పని అయ్యాక మళ్ళీ వెనక్కి వచ్చేది. బాగా చేశావని ఎవరూ అనేవారు కాదు. మంగి అనమని అడిగేదీ కాదు.

ఇలా ఉండగా ఆ అడవికి ర్యాంకుల జబ్బు పట్టుకుంది.

నవ్వకండి. మన ఊళ్ళోనూ ఉంది ఆ జబ్బు. గోడల నిండా పిల్లల ఫోటోలు, ఫోటోల కింద అంకెలు. టీవీ పెడితే చాలు, "ఒకటి, ఒకటి, ఒకటి" అని చెవులు చిల్లులు పడేలా అరుపులు. నాకైతే ఒళ్ళు మండిపోతుంది. సరే, కథలోకి వద్దాం.

అడవి మొదట్లో ఒక బరి ఉంది. జంతువులు బలం చూపించుకునే చోటు అది. బరి పక్కన ఒక నున్నటి బండ నిలబెట్టినట్టు ఉంది. ఆ బండ మీద ఒక తొండ కాపురం. బరిలోకి వచ్చిన ప్రతి జంతువునూ అది చూసేది. తల రెండుసార్లు ఆడించేది. బండ మీద గోటితో ఆ జంతువు పేరు, పక్కన ఒక అంకె గీకేది. అడవిలో నూరు జంతువులుంటే నూరు అంకెలు వేసింది. ఆట ఆడే పిల్లలంతా ఆ బండ చదివి జట్టు కట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు కుందన కూడా తన జట్టును తీసుకుని అక్కడికి వచ్చింది.

పులి బరిలోకి దిగి తోక ఝాడించింది. మంట ఆకాశానికి లేచింది. తొండ ఎగిరి గంతేసి, "ఒకటి! ఒకటి! ఒకటి!" అని అరిచింది. నెమలికి మూడు వచ్చింది. దున్నకి ఏడు వచ్చింది. చివరికి మంగి వంతు.

దాని మీదికి ఒక అడవిపందిని వదిలారు. పంది రొప్పుతూ దూసుకొచ్చింది. మంగి చకచకా మట్టి తోడి లోపలికి దూరిపోయింది. పంది ఆ వేగాన పోయి ఎదురుగా ఉన్న చెట్టుకు గుద్దుకుని కూలబడింది. మంగి ఇంకో పక్క నుంచి పైకి వచ్చి ఒళ్ళు దులుపుకుంది.

"పారిపోయింది! పారిపోయింది!" అని తొండ పగలబడి నవ్వింది. "నూరు! దీనికన్నా కింద అంకె ఉంటే అదే వేసేదాన్ని!"

చుట్టూ ఉన్నవన్నీ గొల్లున నవ్వాయి. మంగికి ముఖం ఎర్రబడింది. కానీ తల దించలేదు. తిన్నగా బండ దగ్గరికి నడిచింది.

"తొండగారూ, ఒక మాట అడుగుతాను. మీరు కొండ మీది కోట దాకా ఎప్పుడైనా నడిచారా?"

"నాకేం ఖర్మ? ఇక్కడ కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి."

"ఇక్కడ కూర్చుంటే ఈ బరి ఒక్కటే కనిపిస్తుంది. దారి కనిపించదు. మీరు చూడని దారికి ఎవరు పనికొస్తారో మీరెలా చెబుతారు?"

తొండకు కోపం వచ్చింది. కానీ అది గడుసుది. గొంతు తగ్గించి, "ఎందుకమ్మా గొడవ? నీకు తవ్వడం వచ్చు కదా. ఒక చీమల పుట్ట తవ్వి ఆ చీమల్ని నా ముందు పోసెయ్. తొంభైకి తెస్తాను. రెండు పుట్టలు తవ్వితే ఎనభై" అంది.

"చీమలు పోస్తే మారే అంకె నాకొద్దు. మీ నూరు మీ దగ్గరే ఉంచుకోండి" అని మంగి వెనక్కి తిరిగింది.

తొండ జీవితంలో ర్యాంకు వద్దన్నవాళ్ళను చూడటం అదే మొదటిసారి.

కుందన మాత్రం ఆ బండను రెండుసార్లు చదివింది. "కోటలో ముంగిస దొరుకుతుందట. దానిది ఎనిమిదో ర్యాంకు. కోట చేరగానే ముంగిసను తీసుకుని, మంగిని పెట్టెలో పెట్టేస్తాను" అంది.

మంగి ఆ మాట వింది. మట్టి లేని పెట్టె! తవ్వడానికి పిడికెడు మట్టి కూడా లేని చోట పందికొక్కు ఎలా బతుకుతుంది? కుందన వైపు చూసింది. కుందన అప్పటికే ముంగిస గురించి నెమలితో మాట్లాడుతోంది.

బయలుదేరే ముందు పులి మీసం దువ్వి, "ఇకనుంచి ర్యాంకు ప్రకారం నడుద్దాం. ఒకటో ర్యాంకు ముందు. నూరో ర్యాంకు వెనక" అంది.

"సరే," అంది మంగి. "నూరో ర్యాంకు వెనకే నడుస్తుంది. ఆ మాట అన్నది మీరే. గుర్తుంచుకోండి."

అలా కొండదారి పట్టారు.

మొదట ముళ్ళకంప అడ్డొచ్చింది. అలవాటు కొద్దీ కుందన, "మంగీ, ముందుకు రా" అంది.

"నూరో ర్యాంకు ముందుకు రాకూడదు కదమ్మా" అంది మంగి వెనక నుంచి.

"దాంతో పనేముంది? నేను లేనూ?" అని పులి తోక విసిరింది. పచ్చి కంప మండలేదు, పొగ కమ్మింది. గాలి ఇటు తిరిగింది. నెమలి ఈకలు కమిలాయి. కుందన దగ్గి దగ్గి ఏడ్చింది. చివరికి అందరూ బురదలో పడి, చాలా దూరం చుట్టూ తిరిగి అవతలికి చేరారు. అంత దూరమూ మంగి కూడా బురదలోనే నడిచింది.

రెండోది చీకటి గుహ. కుందన ఈసారి మంగి వైపు చూసింది, కానీ పిలవలేదు. నెమలి పింఛం విప్పింది. తళుక్కున మెరిసింది, ఆరిపోయింది. ఆ వెలుగుకి కళ్ళు చెదిరి, ఆ తర్వాత ఉన్న దారి కూడా కనపడలేదు. దున్న పోయి పులి తోక తొక్కింది. పులి పోయి గోడకు గుద్దుకుంది. ఒకరినొకరు తిట్టుకుంటూ బయటపడేసరికి అందరి నుదుట్నా బొప్పులే.

"నీ మెరుపు నా కొంప ముంచింది!" అంది పులి.

"నీ పొగ నా ఈకలు కాల్చింది!" అంది నెమలి.

మూడోది ఒక ఇరుకు సందు. రెండు పక్కలా ఎత్తైన రాతిగోడలు. ఎదురుగా దారికి అడ్డంగా పెద్ద బండరాయి. సన్నగా వాన మొదలైంది.

"దీనికి ఏడో ర్యాంకు చాలు" అని దున్న తల వంచింది.

"దున్నన్నా, ఆగు!" అని మంగి మొదటిసారి అరిచింది. "పైన రాళ్ళు వదులుగా ఉన్నాయి. నా కాళ్ళకు అదురు తెలుస్తోంది."

"నూరో ర్యాంకు సలహాలు ఎవరడిగారు?" అంది దున్న. పరుగెత్తుకుంటూ పోయి బండను గుద్దింది.

బండ కదల్లేదు. పైనున్న రాళ్ళు కదిలాయి. దడదడమని వెనక దారి మీద పడ్డాయి. వచ్చిన దారి కూడా మూసుకుపోయింది. ముందూ లేదు, వెనకా లేదు. వాన ఎక్కువైంది. గోడల మీది నుంచి కారిన నీళ్ళు సందులో నిలిచి, కుందన మోకాళ్ళ దాకా వచ్చాయి.

అప్పుడు అందరూ మంగి వైపు తిరిగారు. పులి గొంతులో గర్జన పోయింది. "మంగీ, నువ్వు చిన్నదానివి. నీ ఒక్కదానికీ కన్నం చేసుకుని పోగలవు కదా?"

"పోగలను," అంది మంగి. "ఇలా తిరిగేలోపు అవతల ఉంటాను. నన్ను పెట్టెలో పెట్టేవాళ్ళూ ఉండరు, నూరు అని నవ్వేవాళ్ళూ ఉండరు."

కుందన ఆ నీళ్ళలోనే మంగి ముందుకు వంగింది. "మంగీ, నన్ను క్షమించు. నిన్ను ఒకటో ర్యాంకు..."

"ఆ మాట ఎత్తకమ్మా!" అంది మంగి కోపంగా. "ప్రాణం మీదికి వచ్చాక కూడా ర్యాంకేనా? ఇన్నాళ్ళూ ప్రతి కంప కిందా నేను వేళ్ళు కొరికాను. నువ్వు నా వెనకే నడిచావు. కళ్ళారా చూసిందాన్ని వదిలేసి బండ మీద రాసిందాన్ని నమ్మావు. నాకు అదే మండింది. ముళ్ళకంప దగ్గరా, గుహ దగ్గరా నేను పంతం పట్టింది అందుకే. ఇది పంతానికి చోటు కాదు. అందరం పోదాం. దున్నన్న పట్టేంత సొరంగం తవ్వాలంటే నా ఒక్కదానివల్ల కాదు. చెప్పింది చెప్పినట్టు చేయండి. ఇంకో మాట. కోట చేరాక నేను పెట్టెలోకి పోను. ఇప్పుడే చెబుతున్నాను. నువ్వు తోసినా పోను."

మంగి బండరాయి పక్కన, నీళ్ళకు పైన ఉన్న మట్టిగట్టులోకి తవ్వడం మొదలుపెట్టింది. నెమలి మెరుపు మెరిపించిన ప్రతిసారీ రాయి ఎక్కడుందో చూసుకునేది, ఆరగానే మీసాలతో తడిమేది. తోడిన మట్టిని దున్న కొమ్ములతో పక్కకు నెట్టింది. పులి సొరంగం గోడల్ని సన్నటి మంటతో కాల్చి, కూలకుండా గట్టిపరిచింది. నీళ్ళు కుందన నడుం దాకా వచ్చాయి. మంగి గోళ్ళు చిట్లి రక్తం కారింది. అది ఆగలేదు. చివరికి మట్టి పొర తెగి, అవతల వెలుగు కనిపించింది. ఒకరి వెనక ఒకరు బయటికి పాకారు. చివరగా దున్న వచ్చింది. మంగిని చూసి సిగ్గుతో తల దించుకుంది.

కోట చేరారు. ముంగిస ఎదురొచ్చింది. కుందన దానికి నమస్కారం పెట్టి, "మా జట్టు నిండిపోయింది" అని ముందుకు నడిచింది.

ఆట నియమం ప్రకారం కోట చేరిన జట్టు మళ్ళీ బరి దగ్గరికి రావాలి. కబురు ముందే చేరింది. తొండ బండ మీద గంతులేస్తోంది. "ఒకటి! ఒకటి! మంగి ఒకటి! నేను మొదటే అనుకున్నాను!" అంటూ పేర్లన్నీ చెరిపి మళ్ళీ గీకుతోంది. పులి రెండుకు దిగింది.

చుట్టూ ఈలలు, చప్పట్లు. మంగి బండ దగ్గరికి వచ్చి కింది నుంచి పైకి చదివింది.

"నేను పైకి పోయాను. మరి నూరు ఎవరికిచ్చారు?"

"ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది తొండ. "అదిగో, ఆ నత్తకు."

గుంపు చివర ఒక నత్త ఉంది. ఆ మాట వినగానే కొమ్ములు ముడుచుకుని గుల్లలోకి పోయింది. పక్కనున్న జంతువులు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాయి. మంగికి ఆ నవ్వు బాగా తెలుసు.

మంగి బండ మొదట్లో వంగి మట్టి తోడసాగింది. చిట్లిన గోళ్ళతోనే తోడింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు? నీ పేరే ముందుంది!" అని తొండ కేకలు వేసింది.

"అందుకే చేస్తున్నాను. చివరున్నప్పుడు తవ్వితే ఏడుపు అంటారు. ముందున్నప్పుడు తవ్వితే ఏమంటారో చూస్తాను."

పులి కాసేపు నిలబడి తన పేరు చూసుకుంది. తర్వాత వచ్చి పంజాతో మట్టి లాగింది. దున్న కొమ్ములు ఆనించి నెట్టింది. బండ ఊగింది. ధబ్బున బోర్లా పడింది. అంకెలన్నీ నేలకు అతుక్కుపోయాయి. తొండ ఎగిరి మట్టిలో పడింది.

కుందన పెట్టె మూత తీసింది. లోపలున్న జంతువులన్నీ కళ్ళు చికిలిస్తూ మట్టి మీదికి దిగాయి. "నాలుగు చోట్లే ఉన్నాయి కాబట్టి వంతులు వేసుకుందాం. మొదటి వంతు ఎవరిది?" అంది కుందన. నత్త గుల్లలోంచి ఒక కొమ్ము బయటపెట్టింది.

తొండ ఒళ్ళు దులుపుకుంటూ బిక్కముఖంతో మంగి దగ్గరికి వచ్చింది. "మరి నా సంగతేంటి? నా ర్యాంకు ఎంత?"

"నాకు తెలియదు తొండగారూ," అంది మంగి. "మీతో ఇంతవరకు ఒక్క అడుగు కూడా నడవలేదు కదా. రండి, పోదాం."

నీతి: మనతో ఒక్క అడుగు కూడా నడవనివాళ్ళు వేసిన అంకెను మనం మోయక్కర్లేదు, దాన్ని దించుకుని పక్కవాళ్ళ నెత్తిన పెట్టనూ కూడదు.