మూడు పిలుపులు

వజ్రవేలు కలంకారీ కొట్టంలో కలం పట్టినవాళ్ళు ఎవరు పిలిచినా పలకనక్కర్లేదు. అది ఆయన తాత పెట్టిన నియమం. వెదురు కలం గుడ్డ మీద ఆనిందంటే గీత పూర్తయ్యేదాకా తల ఎత్తకూడదు. మధ్యలో ఎత్తితే ఆగినచోట నల్లరంగు ఊరి చిన్న ముద్ద కడుతుంది, దాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. అందుకని అక్కడికి వచ్చినవాళ్ళు ఒకసారి పిలిచి చూస్తారు. తొందరున్నవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. మూడోసారి కూడా పలక్కపోతే గడప మీద కూర్చుంటారు. ఒకప్పుడు ఒక పెద్ద ఆఫీసరు కారు దిగి వచ్చి అలాగే కూర్చోవలసి వచ్చింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. వజ్రవేలు ఆ సమయంలో నెమలి మెడ గీస్తున్నాడు. మెడ పూర్తిచేసి, కలం పక్కన పెట్టి, అప్పుడు లేచి దండం పెట్టాడు. ఆ ఆఫీసరు మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. వజ్రవేలుకు ఆ సంగతి గుర్తయినా లేదు.

శ్రీకాళహస్తికి అవతల, ఏటి ఒడ్డున ఉండే ఆ కొట్టంలో పరిమళ ఆరేళ్ళుగా పని నేర్చుకుంటోంది. వయసు ముప్పై నాలుగు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆమె గురువును ఇలా అడిగింది.

"అయ్యా, మనిషి రోజుకు ఫోను ఎంతసేపు చూడొచ్చు?"

సరదాకు అడిగిన మాట కాదది. ఆమె చాలా అవస్థ పడే అడిగింది. గంటకు మించితే కళ్ళకు చేటని ఒకరు చెప్పారు, రెండు గంటలైనా పర్వాలేదని ఇంకొకరు చెప్పారు, ఆ చెప్పినవాళ్ళంతా ఫోనులోనే చెప్పారు. ఒక వారం ఆమె ఫోనును బియ్యం డబ్బాలో దాచింది. ఆ వారం ఇంట్లో రోజుకు నాలుగుసార్లు అన్నం వండింది. అత్తగారి చేతికిచ్చి అడిగినా ఇవ్వద్దంటే, ఆవిడ రెండు రోజుల్లో దాంట్లో పాటలు పెట్టుకోవడం నేర్చుకుని నిజంగానే ఇవ్వడం మానేసింది. చివరికి ఇంకో ఫోను కొనాల్సిన గతి పట్టింది.

"మీరు ఒక లెక్క చెప్పండయ్యా. ఇన్ని నిమిషాలని. కళ్ళకద్దుకోని పాటిస్తా," అంది.

"లెక్క అడుగుతా ఉండావే, దానికాడ ఏమన్నా కూలికి కుదిరినావా?" అన్నాడు వజ్రవేలు.

పక్కనే కూర్చున్న దామోదరానికి నవ్వొచ్చి పొలమారింది. అతను కూడా శిష్యుడే, పరిమళ కంటే నాలుగేళ్ళు చిన్న. పరిమళకు మాత్రం ఒళ్ళు మండింది. "కలం పట్టినప్పుడు దాన్ని ఎప్పుడన్నా ముట్టినానా అయ్యా? ఈ ఆరేళ్ళలో ఒక్కసారన్నా చూసినారా? ఏదో ఖాళీగా ఉండేటప్పుడు చూస్తాను, అంతే గదా," అంది.

"ఖాళీగానా," అన్నాడాయన. విస్తరి మడిచి లేచాడు. "పటిక బాగా ఆరింది, రేపు నీ చెట్టు గుడ్డ ఏటికి తీసకపో. ఉడికినాక మాట్లాడుదాం."

ఆ చెట్టు గుడ్డ సంగతి చెప్పాలి. అది పరిమళ తన చేత్తో, ఇంకొకరి గీత పడకుండా, మొదటిసారి వేసిన గుడ్డ. పన్నెండడుగుల తెల్లటి బట్ట మీద ఒక చెట్టు, దాని కొమ్మల మీద నలభై ఒక్క పక్షులు. నాలుగు నెలల పని. ఆ కొట్టంలోంచి ఏ గుడ్డ బయటికి పోయినా కింది మూలలో వజ్రవేలు పేరే ఉంటుంది. ఈ గుడ్డ సరిగ్గా వస్తే మూలలో నీ పేరే రాసుకోమని ఆయన మాటిచ్చాడు. ఇంట్లో అందరూ అడిగేది అదొక్కటే. ఆరేళ్ళుగా పొద్దున్నే పోయి చీకటికి వస్తున్నావు, ఒక్క గుడ్డ మీదన్నా నీ పేరు ఉందా అని. ఆ మాట అడిగినప్పుడల్లా పరిమళకు తల కొట్టేసినట్టయ్యేది.

ఎరుపు రావలసిన చోట ముందుగా పటిక నీళ్ళు పూస్తారు. ఆరిపోయాక ఆ పూత సరిగా కంటికి ఆనదు. తర్వాత గుడ్డను పారే నీళ్ళలో వేసి, ఆపకుండా ఆడిస్తూ ఉతకాలి. ఎక్కువైన పటికను నీళ్ళు తీసుకుపోతాయి. గుడ్డ కాసేపు కదలకుండా ఉందంటే ఆ పటిక పక్కకు పాకి, తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటుంది. అప్పుడూ ఏమీ కనబడదు. గంగాళంలో ఎర్రరంగు దిగే చెట్టువేళ్ళు వేసి గుడ్డను ఉడికించినప్పుడే, పటిక ఉన్నచోటల్లా ఎరుపు పట్టి, అది ఎక్కడెక్కడ కూర్చుందో బయటపడుతుంది. ఇదంతా పరిమళకు తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అయితే ఉతకడంలో గీత లేదు, కలం లేదు. చేతులు వాటంతటవే ఆడతాయి, మనసుకు పని లేదు. అది ఖాళీ సమయమనే ఆమె లెక్క.

కార్తీక మాసపు నీళ్ళు మోకాళ్ళ దాకా చల్లగా పారుతున్నాయి. నడుముకు దోపుకున్న ఫోను 'టింగ్' మంది. పరిమళ గుడ్డ కొస మీద ఒక గుండ్రాయి పెట్టి, చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది, ఒక్క నిమిషమే అనుకుంటూ. వీడియోలో ఎవరో ఆమె గుమ్మడికాయను హంసలాగా చెక్కుతోంది. మెడ వచ్చింది, రెక్క వచ్చింది, ముక్కు దగ్గరికి వచ్చేసరికి మిగతాది రెండో భాగంలో చూడమంది. పరిమళ ఫోను దోపుకుని వంగి చూస్తే గుడ్డ రాతి దగ్గర మూడు మడతలు పడి నీళ్ళలో పడుకుని ఉంది. విప్పి చూసింది. తెల్లగా, ముచ్చటగా ఉంది. హమ్మయ్య అనుకుని మిగతాది శ్రద్ధగా ఉతికింది.

మర్నాడు గంగాళంలోంచి దామోదరం కర్రతో గుడ్డను పైకెత్తగానే పరిమళ వంగి చూసింది. కుడివైపు చెట్టు పెళ్ళికూతురులా ఉంది. ఎడమవైపు, మడతలు పడ్డ చోట, పదిహేడు పక్షుల మీద ఎవరో తాంబూలం నమిలి ఉమ్మినట్టు ఎరుపు పాకి ఉంది. ఎండలో వేసి, పేడనీళ్ళలో నానబెట్టి ఉతికితే పోయే మరక కాదది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

వజ్రవేలు వచ్చి చూశాడు. "ఏట్లో ఉండంగా నిన్నెవరన్నా పిలిచినారా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. పరిమళ చెప్పలేదు. "ఎవరూ పిలవలేదయ్యా. గుమ్మడికాయతో హంసను చేస్తా ఉంటే చూసినా," అంది.

"వచ్చిందా హంస?"

"లేదయ్యా. రెండో భాగంలో అంట."

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. "మన నియమం కలానికేనని నీకెవరు చెప్పినారు అమ్మణ్ణీ?" అన్నాడు. అని చేతులు కడుక్కుని లోపలికి పోయాడు.

దామోదరం మంచివాడు కాబట్టి మంచి సలహాలే ఇచ్చాడు. ఫోను ఏట్లో పారేయమన్నాడు. కొండకు మొక్కుకోమన్నాడు. కనీసం ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. పరిమళ వాటిలో ఒక్కటీ చెవిన పెట్టలేదు. ఆ పూట ఆమెకు సిగ్గు పోయి కోపం వచ్చింది. నాలుగు నెలల పనిని తన చేతుల్లోంచి లాక్కున్నది దొంగా కాదు, వానా కాదు, సగం చెక్కిన గుమ్మడికాయ. అంత అల్పమైనది చెప్పినట్టల్లా తాను ఇన్నాళ్ళూ ఆడింది. పైగా ఇంకా ఎన్ని నిమిషాలు ఆడమంటారని గురువునే అడిగింది. ఆ ప్రశ్న తలుచుకుంటే ఆమెకు మరక కంటే ఎక్కువ మంట పుట్టింది.

"దాచిపెట్టేదానికి అదేమన్నా పులా?" అంది దామోదరంతో. "ఇంట్లో పెట్టి వస్తే దానికి భయపడినట్టే గదా. నా కండ్లెదురుగానే పెట్టుకుంటా. మొత్తుకుంటే మొత్తుకోనీ."

మరక పడ్డ గుడ్డను ఆమె తను కూర్చునే చోట ఎదురుగా గోడకు కట్టింది. వచ్చినవాళ్ళు ఇదేంది ఇట్లయిందని అడిగితే, నేనే చెడగొట్టినా అని చెప్పి మళ్ళీ కలం పట్టింది. కొత్త బట్ట మీద అదే చెట్టు, అవే నలభై ఒక్క పక్షులు. కొట్టానికి రెండు వీధుల అవతల ఉన్న తన ఇంటికి ఒక కబురు పెట్టింది. ప్రాణం మీదికి వస్తే మనిషిని పంపండి, మిగతాదేదైనా సాయంత్రం నేను ఇంటికొచ్చినాకే అని. ఇంట్లోవాళ్ళు రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. అన్నం తినేటప్పుడు ఆమె అన్నమే తింది. గీతలు ఆరేదాకా కూర్చున్నప్పుడు ఊరికే కూర్చుంది. మొదట్లో అలా కూర్చోవడం ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. అయినా లేవలేదు.

మాఘం వెళ్ళిపోతూ ఏట్లో నీళ్ళు తగ్గుతున్న రోజుల్లో రెండో గుడ్డ ఉతకడానికి వచ్చింది. ఇది కూడా పాడైతే మళ్ళీ నీళ్ళు వచ్చేది వానలు పడ్డాకే. పరిమళ ఫోను తెచ్చి, శబ్దం పూర్తిగా పెంచి, ఒడ్డున బండ మీద అందరికీ కనబడేలా పెట్టింది. చీర ఎగ్గట్టి నీళ్ళలో దిగింది. దామోదరం ఆ ఫోను పక్కన కూర్చున్నాడు. వజ్రవేలు కొంచెం ఎడంగా, ఎండలో కూర్చున్నాడు.

కాసేపటికి ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఆ తర్వాత టింగు టింగుమని వరసగా కూసింది. "అక్కా, మోగతా ఉండాది," అన్నాడు దామోదరం, తన ఫోనే మోగుతున్నట్టు కంగారుగా.

"దానికి నోరుండాది, మోగతాది. నాకు పనుండాది," అంది పరిమళ. గుడ్డ ఆమె చేతుల్లో ఆగకుండా ఆడుతోంది.

అప్పుడు వజ్రవేలు పిలిచాడు. "అమ్మణ్ణీ."

కొట్టంలో కలం పట్టినప్పుడు తప్ప ఆయన పిలిస్తే పలకనివాళ్ళు ఎవరూ లేరు. పరిమళ చేతులు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. గుడ్డ చప్పున నీళ్ళలో వాలబోయింది. ఆమె దాన్ని అందుకుని మళ్ళీ ఆడించింది.

"అమ్మణ్ణీ," అన్నాడాయన ఇంకాస్త గట్టిగా. ఆమె తల తిప్పలేదు. దామోదరం గబుక్కున లేచి నిలబడ్డాడు. "అక్కా, అయ్య పిలుస్తా ఉండారు!" అన్నాడు. మూడోసారి ఆయన పిలిచిన పిలుపు అవతలి ఒడ్డుకు కూడా వినిపించి ఉంటుంది. పరిమళ వీపు అలాగే వంగి ఉంది. పన్నెండడుగులూ నీళ్ళలో తిప్పి, కొసలు రెండూ చూసుకుని, నీళ్ళు తేటగా పారేదాకా ఉతికి, అప్పుడు గుడ్డను భుజాన వేసుకుని ఒడ్డెక్కింది. సూటిగా ఆయన ముందుకే వచ్చి నిలబడింది.

"పిలిచినారా అయ్యా?"

"మూడుసార్లు."

"పని మీద ఉండా."

వజ్రవేలు మోకాళ్ళ మీద చేతులూని లేచాడు. "ఆ పొద్దు ఏందో లెక్క అడిగితివే, ఇన్ని నిమిషాలని. ఇంకా కావాల్నా?"

"వద్దయ్యా."

ఆయన తలాడించి కొట్టం వైపు తిరిగాడు. "దామోదరం, గంగాళం కింద మంటెయ్యి. పేరు రాసేదానికి సన్న కలం ఒకటి చెక్కిపెట్టు."

దామోదరం గుడ్డ వైపు అనుమానంగా చూశాడు. అది తెల్లగా ఉంది, పోయినసారి కూడా అంతే తెల్లగా ఉండింది. "ఇంకా ఉడకనే లేదు గదయ్యా. మరక ఉండాదో లేదో అప్పుడే ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

"మూడుసార్లు నేను పిలిస్తేనే ఆగలేదు," అన్నాడు వజ్రవేలు. "మరక కూర్చునేదానికి చోటేది?"