ఓబులమ్మ గుడి ముందు మూడుసార్లు అడిగే మాట

వికారి నామ సంవత్సరం, మాఘ బహుళ షష్ఠి, మంగళవారం, దీపాలు పెట్టే వేళ. తల్లి ఓబులమ్మ హత్యకు గురైంది అప్పుడే. వేములబాడు జాతర ఏటా ఆ తిథినాడు, ఆ వేళకే మొదలవుతుంది.

గుడి చిన్నది. ఊరికి పడమర, రెండు చేల నడుమ గట్టు మీద ఉంటుంది. బండి వచ్చే దారి లేదు. భక్తులు గట్టు వెంబడి ఒకరి వెనక ఒకరు నడిచి రావలసిందే. లోపల విగ్రహం లేదు. పసుపు పూసిన సరిహద్దు రాయి ఒకటి, దాని పక్కన పాలు తోడుపెట్టే నల్లకుండ ఒకటి, అంతే. జాతరనాడు సాయంత్రం తలుపు మూసి ఉంటుంది. పంబ అనే జోడుడోలు వాయించే ఆయన గడప ముందు నిలబడి మూడుసార్లు ఒకే మాట అడుగుతాడు. ఓబులమ్మ మెట్టినింటి పెద్దకోడలు జవాబు చెప్పాకే తలుపు తీస్తారు.

వెనుకటి కరపత్రాల్లో కొందరు "అమ్మ జ్యోతిలో ఐక్యమైంది" అని వేయించారు. తల్లి మన్నించాలి, ఆ మాట చదివితే కడుపు రగిలిపోతుంది. ఐక్యం కావడమేమిటి? గొంతుకు తాడు బిగిస్తే ఎవరి ప్రాణమైనా పోతుంది. దానికి అంత పుణ్యమైన పేరు పెట్టడం చంపినవాడికి చేయూత ఇవ్వడమే. జరిగింది జరిగినట్టు ఆ ఇంటి కోడళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చారు. అదే ఇక్కడ రాయడమైనది.

పూర్వం ఇక్కడ కొండయ్య అనే పెద్దరైతు ఉండేవాడు. భార్య నారమ్మ. తమ్ముడి భార్య ఓబులమ్మ. ఆ తమ్ముడు మందను తోలుకొని అడవి మేతకు పోయి ఉన్నాడు. కొండయ్య చేను పక్కనే మస్తాను అనే దూదేకుల ఆయన చేను. ఒక దుక్కిలో కొండయ్య సరిహద్దు రాయి పెకలించి మస్తాను చేలోకి జరిపి నాటాడు. మస్తాను చావడి దగ్గర మొరపెట్టుకున్నాడు. కొండయ్య పిడికెడు మట్టి పట్టుకొని, రాయి తాతలనాటి నుంచి అక్కడే ఉందని ప్రమాణం చేశాడు. పెద్దలు తలలూపారు.

అప్పుడే సంగటి గంప నెత్తిన పెట్టుకొని చేనికి పోతున్న ఓబులమ్మ ఆగింది.

"అదేంది బావా, మొన్నటిదాకా రాయి తంగేడు పొదకాడ ఉండె గదా! మట్టి పట్టుకొని అట్లంటావేంది?"

చావడిలో ఎవరో పకపకా నవ్వారు. "మీ ఇంటి సాక్షి నీకంటే గట్టిది కొండయ్యా!"

ఆ నవ్వే ఆమె ప్రాణం తీసింది.

ఆ సాయంత్రం నారమ్మ కొట్టంలో గేదెకు కుడితి పెట్టి, దీపం పట్టుకొని లోపలికి వచ్చింది. కవ్వపు గుంజ దగ్గర ఓబులమ్మ పడి ఉంది. కొండయ్య చేతిలో కవ్వం తాడు ఉంది.

"అరవగాకు," అన్నాడు కొండయ్య. "పేరంటాలై, దేవతలో కలిసి పోయింది. తనే పోతానన్నది. నీ చేత పసుపు పూయించుకొని పోయింది. ఎవరడిగినా అంతే చెప్పు."

"నా చేత?"

"నీ చేతే. లేదంటే నీ మెడలో తాళి ఉండదు. బాగా ఆలోచించుకో."

తానే పసుపు ముద్ద చేసి శవం మెడ చుట్టూ దట్టంగా మెత్తాడు. ఊరివాళ్లు వచ్చారు. తమ ఊళ్లో పేరంటాలు వెలిసిందని మురిసిపోయారు. కొబ్బరికాయలు వచ్చాయి, పూలు వచ్చాయి. కాళ్లకు మొక్కిన అంతమంది పెద్దమనుషుల్లో, పసుపు మెడకే ఎందుకంత దట్టంగా ఉందని అడిగినవాడు ఒక్కడూ లేడు. పొద్దున ఆమె మాట విని నవ్విన నోళ్లే సాయంత్రం గోవిందలు కొట్టాయి.

పంబల ఈరన్నను పిలిపించారు. పేరంటాలి కథ కట్టి పాడేముందు, ఆమె ఎట్లా పోయిందో ఆ ఇంటి ముత్తైదువును మూడుసార్లు అడగడం పంబలవాళ్ల ఆచారం. ఆమె చెప్పిందే పాటవుతుంది.

"అమ్మా, నీ తోడికోడలు ఎట్లా పోయింది?"

"జ్యోతిలో కలిసింది," అన్నాడు కొండయ్య.

"నిన్నడగలేదు సామీ. అమ్మా, ఎట్లా పోయింది?"

నారమ్మ మొగుడి వైపు చూసింది. నిజం చెబితే మొగుడు ఉరికంబం ఎక్కుతాడు. చెప్పకపోతే నిజం చెప్పినందుకు చచ్చిన పిల్ల నోరు రెండోసారి నొక్కినట్టే. పక్కనున్న ఉట్టి మీద చెయ్యి వేసింది. చేతికి నల్లకుండ తగిలింది. చీకటి పడబోయే ముందు ఓబులమ్మ పాలు తోడుపెట్టి మూత వేసిన కుండ. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"మూడోసారి అడుగుతాండా అమ్మా. ఎట్లా పోయింది?"

"పొయ్యేది రేపటికి పెరుగెందుకు తోడేసుకుంటాదయ్యా?" అంది నారమ్మ. "మా ఆయనే చంపినాడు. కవ్వం తాడుతో. ఆ పసుపు తుడిచి చూడండి."

"మతి చెడింది దీనికి!" అని ఒక పెద్దమనిషి లేచాడు.

ఈరన్న పంబ భుజానికి ఎత్తుకున్నాడు. "విన్నది పాడతా. ఇంకోటి నాకు రాదు." పాట మొదలైంది: తన మొగుడే చంపినాడని ఇల్లాలు చెప్పిన పాట. వీధి వీధంతా విన్నాక దాచడానికి ఏముంది? మస్తాను భార్య తడిగుడ్డతో ఆ మెడ తుడిచింది. తాడు గుర్తు కనిపించింది. కొండయ్యను అదే తాడుతో కట్టి కచేరీకి నడిపించారు. ఉరి పడింది.

ఆ తరువాత బతికినన్నాళ్లూ నారమ్మను ఊరు "మొగుణ్ణి మింగింది" అనే పిలిచింది. కొండయ్యను మాత్రం "పాపం, పెద్దాయన" అన్నారు. ఈ మాట కూడా కోడళ్లు మరచిపోలేదు, మరచిపోకూడదు.

నేటికీ పంబ మూడుసార్లు అడుగుతుంది. పెద్దకోడలు "మా ఇంటివాడే చంపినాడు" అని పైకి చెబుతుంది. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో జరిగింది బయటికి చెప్పలేక కుమిలే ఆడబిడ్డలు ఈ గడప దగ్గర నోరు విప్పుతారు. వారికి గొంతు ఇచ్చి, చెప్పినమాట మీద నిలబెట్టే తల్లి ఓబులమ్మ.

ఆ మంగళవారం గడిచి తెల్లవారేసరికి కుండలో పెరుగు గట్టిగా తోడుకొని ఉంది. ఇంట్లో ఎవరూ కవ్వం ముట్టలేదు. నారమ్మా, ఆమె పిల్లలూ దొంగరాయిని పెకలించి, మోసుకొచ్చి తంగేడు పొద దగ్గర నాటారు. కుండ దాని పక్కన దించారు. నారమ్మ గట్టు అవతలికి కేకేసి మస్తాను భార్యను పిలిచి, మొదటి గరిటె పెరుగు ఆమె దోసిట్లో వేసింది.

"తినమ్మా, ఓబులమ్మ తోడేసింది."