గానుగెద్దు వెనక్కి తిరిగిన రోజు

వేసవి ముదిరేసరికి ఎర్రవాగులో నీళ్ళు పోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే అడవి అంచు జంతువులన్నిటికీ దిక్కు. రాత్రంతా ఊరిన నీళ్ళు పొద్దెక్కేసరికి అయిపోయేవి. మొదట్లో కొమ్ములున్నవాడిదే చెలమ అన్నట్టు నడిచింది. కుమ్ములాటల్లో గట్టు కూలిపోయాక నెమలి పెద్దరికం మీద వేసుకుని ఒక కట్టుబాటు చేసింది. ఇవాళ తాగినవాళ్ళు రేపు తాగకూడదు, ఎల్లుండి తాగాలి. అంతే.

కట్టుబాటు చెయ్యడం సులువే, ఎవరు ఎప్పుడు తాగారో గుర్తుపెట్టుకునేదెవరు? అందుకని పేజీ పెట్టుకున్నారు. విహారానికొచ్చిన ఎవరో పారేసుకుపోయిన ట్యాబు ఒకటి, ఎండకు చార్జి అయ్యే పలకతో సహా కోతులకు దొరికింది. దాన్ని తెచ్చి ఒడ్డున మోదుగు కొమ్మకు కట్టాయి. గుట్ట మీద టవరు ఉంది కనక సిగ్నలుకు కొదవ లేదు. పొద్దున్నే వెబ్ పేజీ తెరుచుకుంటుంది. అందులో పేరుంటే నీళ్ళు, లేకపోతే గుటకలు మింగుతూ ఇంటికి.

సాయంత్రం జంతువులన్నీ ఒడ్డు వెంట రాయికొకరు చొప్పున బారుగా నిలబడేవి. పైనుంచి గద్ద ఒక చుట్టు చుట్టి, కనిపించిందంతా జేసన్‌లో కట్టి పంపేది. జేసన్ అంటే కంగారు పడనక్కర్లేదు. మూటలో మూట, అంతే. పెద్ద మూట విప్పితే వాగు మలుపుకొక మూట, అది విప్పితే జంతువుకొక చిన్న మూట, అందులో చీటీలు. పేరు ఒక చీటీ, తాగిన రోజు ఇంకో చీటీ. గద్దకు చూసిందల్లా చెప్పే జబ్బుంది కనక తోక పొడుగు, చెవుల రంగు కూడా ఉండేవి. అక్కర్లేని చీటీలు పారేసి, మూటలన్నీ విప్పి ఒకే వరుసగా పేర్చి, ఆ వరుస మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయి, ఆ రోజు తాగినవాళ్ళను తీసేసి, మిగిలినవాళ్ళను మర్నాటి పేజీకెక్కించాలి. ఇలా ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోవడాన్ని లూపు అంటారు.

ఆ పని బోడెన్నకు అప్పగించారు. బోడెన్న గానుగెద్దు. ఊళ్ళో నూనెమిల్లు వచ్చి గానుగ మూలపడ్డాక అడవి అంచుకు వచ్చి చేరాడు. లూపు అనగానే నక్క కోటిలింగం లేచి, చుట్టూ తిరగడంలో మన బోడెన్న బావను మించినవాడెవడున్నాడని అడిగింది. అందరూ నవ్వారు. బోడెన్న కూడా నవ్వాడు, అది మెప్పో ఎగతాళో అతనికి తెలియలేదు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అంటారు కదా, అతనికి మాటల రుచి కూడా అంతగా తెలియదు.

మొదటి రోజే అభాసైంది. చిన్న మూట విప్పడం మరిచిపోయి మూటలనే పేజీకెక్కించాడు. తెల్లారి చూస్తే పేజీ నిండా "మూట, మూట, మూట" అని ఉంది. ఈ మూట ఎవరు, అడవికెప్పుడొచ్చాడు, నీళ్ళన్నీ వాడికేనా అని అడవిపంది ఊగిపోయింది. కోతులు మూట కోసం పొదలన్నీ గాలించి వచ్చాయి. బోడెన్న తల పట్టుకుందామంటే గిట్టలు అందలేదు. పొద్దెక్కాక తప్పు తెలిసి, చిన్న మూటలు విప్పి పేర్లు పెట్టాడు. పని గాడిలో పడిందనుకున్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత లెక్క తప్పసాగింది. పేజీలో ఉన్నవాళ్ళందరికీ సరిపోవలసిన నీళ్ళు చివరి పేరు రాకముందే అడుగంటుతున్నాయి. చివరి పేరు ఎప్పుడూ మేక చుక్కమ్మదే. ఈనినది, చంటిపిల్లతో నడిచి వచ్చేసరికి వరుస నిండిపోయేది. చెలమ దగ్గరకు వచ్చేసరికి తడి ఇసుక మిగిలేది. దానికి పాలు తగ్గాయి. పిల్ల నిలబడలేక మోకాళ్ళ మీద వాలుతోంది.

"అన్నా, పేజీలో నా పేరుంది. చెలమలో నీళ్ళు లేవు. నేను దేన్ని నమ్మాలి?" అని ఒక పొద్దున చుక్కమ్మ అడిగింది.

బోడెన్న గద్దను పిలిచి అడిగాడు. గద్ద ముక్కు పైకెత్తి, తను పంపింది అక్షరం పొల్లుపోలేదని, విప్పడం చేతకానివాళ్ళు కట్టినవాళ్ళను అనడం తగదని చెప్పి ఎగిరిపోయింది. నెమలిని అడిగాడు. నెమలికి పేజీ రంగుల మీద ఉన్న ధ్యాస పేర్ల మీద లేదు. నీలం కాస్త ముదురు చేస్తే బాగుంటుందేమో అంది. తన లూపును మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. మొదటివాణ్ణి చూడు, తాగి ఉంటే తీసెయ్, తరవాతి చోటికి నడు. ఇందులో తప్పేముంది? చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అయినా తప్పుంది. బోడెన్నకు అంతా అయోమయంగా ఉంది. బుర్రలో ఏదో తిరుగుతోంది కాని నూనె దిగడం లేదు.

ఇంకో వింత కూడా అతని కంటపడింది. కోటిలింగానికి ఈమధ్య మర్యాద ఎక్కువైంది. సాయంత్రం వరుస కట్టేటప్పుడు ముందు చోటుకు ఎగబడే నక్క, ఇప్పుడు ఒక పక్కన నిలబడి అందరినీ చూస్తుంది. ఎవరో ఒకరిని ఎంచుకుని, "మీరు ముందు నిలబడండి, పెద్దవారు" అంటుంది. వాళ్ళ వెనక తను నిలబడుతుంది. ఒకనాడు ఉడుతను కూడా పెద్దవారిని చేసింది. అతి వినయం ధూర్త లక్షణమని బోడెన్నకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, పాపం, కోటిలింగం మారిపోయిందని సంతోషించేవాడు.

మర్నాడు కూడా చెలమ ఎండింది. చుక్కమ్మ ఈసారి ఏమీ అడగలేదు. పిల్లను ఇసుకలో పడుకోబెట్టి పక్కన కూచుంది. అడిగితే ఓర్చుకునేవాడే, అడగకపోయేసరికి బోడెన్నకు గుండె చెరువైంది. రేపు కూడా ఇలాగే అయితే పిల్ల దక్కదు. ఆ పాపం తన లూపుదే.

పనిచెయ్యని ఎద్దును మార్చాలని అడవిపంది అప్పటికే అంటోంది. మారిస్తే మార్చండి, ఈ ఒక్క సాయంత్రం నా మాట వినండి అన్నాడు బోడెన్న. గద్ద ఆ పూట మూట కట్టి వెళ్ళింది. "ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. లూపు నడిచినట్టు నేనే నడుస్తాను. నడిస్తే తప్ప నాకేదీ అర్థం కాదు" అన్నాడు. కోతిని పిలిచి కళ్ళకు మోదుగాకుల గంతలు కట్టమన్నాడు. గానుగ దగ్గర బతుకంతా గంతలతోనే ఆలోచించాడు, కళ్ళు తెరిస్తే అతనికి ఆలోచన సాగదు.

"ప్రతి రాయి దగ్గరా ఆగి, ఇవాళ తాగావా అని అడుగుతాను. తాగినవాళ్ళు పక్కకు తప్పుకోండి. వెనకవాళ్ళు ఒక్కో రాయి ముందుకు జరగండి. లూపులోనూ అలాగే జరుగుతారు."

మొదటి రాయి దగ్గర జింక తాగలేదంది, నిలబడింది. తరవాతి రాయి దగ్గర తాబేలు తాత ఉన్నాడు. "తాగాను నాయనా" అని మెల్లగా పక్కకు పాకాడు. వెనకవాళ్ళు తలా ఒక రాయి ముందుకు జరిగారు. బోడెన్న కూడా ఒక రాయి ముందుకు వేశాడు. అక్కడ కుందేలు పలికింది. తాగలేదంది. అలా చివరిదాకా నడిచాడు.

బోడెన్న ఆగిపోయాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"నక్క వాసన వచ్చింది. నక్క మాట రాలేదు" అన్నాడు.

"గాలి అటునుంచి వీచింది బావా" అంది కోటిలింగం. అందరూ నవ్వారు. నక్క మరీ గట్టిగా నవ్వింది.

బోడెన్నకు చెవులు వేడెక్కాయి. గాలి లేదు, ఆకు కదలడం లేదు. వాసన తన డొక్క పక్కనుంచి, తాబేలు తాత ఉన్న చోటికి వెళ్ళింది. అక్కడ తను అడిగింది తాతనే. మరి నక్క ఎక్కడిది? గానుగలో అయితే ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఎన్నివేల చుట్లు తిరిగినా రోలు ఉన్నచోటే ఉండేది. తను కదిలేవాడు, అది కదిలేది కాదు.

ఇక్కడ తను కదులుతున్నాడు. వరుసా కదులుతోంది.

ఆ ఆలోచన రాగానే ఇంకా తికమకపడ్డాడు. రెండూ కదిలితే ఎవరు ఎవరిని దాటిపోతున్నట్టు? తేల్చుకోవాలంటే ఒక్కటే దారి, వెనక్కి తిరగాలి. కాని గానుగెద్దు వెనక్కి తిరగదు. చిన్నప్పుడు ఒక్కసారి తిరిగితే వీపు మీద తగిలిన దెబ్బ ఇప్పటికీ చర్మానికి గుర్తుంది. కింద ఇసుకలో మేకపిల్ల నీరసంగా ఒకసారి అరిచింది.

బోడెన్న తిరిగాడు.

"అందరూ మళ్ళీ ఎవరి రాయి మీదికి వాళ్ళు రండి. ఈసారి తోక వైపునుంచి వస్తాను" అన్నాడు.

"గానుగెద్దు వెనక్కి నడవడమేమిటి బావా, అపశకునం" అని కోటిలింగం అడ్డుపడింది. ఆ నక్క నోట్లోంచి తొందరగా మాట రావడం ఆ పూట అదే మొదటిసారి. తాబేలు తాత మెడ బయటికి చాచి, నిలబడడానికి భయమెందుకు నాయనా అన్నాడు. నక్క నిలబడక తప్పలేదు.

చివరి రాయి దగ్గర చుక్కమ్మ తాగలేదంది. దానికి ముందు ఉడుత తాగానని చెప్పి తప్పుకుంది. ఆ ఖాళీలోకి వెనకున్న చుక్కమ్మ జరిగింది, అప్పటికే అడిగేసిన మేక కనక ఎటు జరిగినా బోడెన్నకు తేడా లేదు. ముందున్నవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. కుందేలు తాగలేదంది, దాన్ని దాటాడు. తరవాతి రాయి దగ్గర ఎవరూ పలకలేదు. వాసన మాత్రం గట్టిగా ఉంది.

"ఇవాళ తాగావా కోటిలింగం?"

అబద్ధమాడడానికి వీల్లేదు, గద్ద చీటీలో రాసుంది. నక్క నేల చూపులు చూస్తూ తాగానంది. నిన్న తాగావా అంటే నిన్నా తాగానంది. మొన్న అని అడగబోతుంటే, అడక్కు బావా అంది.

బోడెన్న గంతలు లాగేశాడు. సంతోషమో సిగ్గో తెలియకుండా కళ్ళు చెమర్చాయి. తాగినవాణ్ణి తీసేసినప్పుడల్లా వెనకవాడు ఆ చోటికి వస్తున్నాడు, తనేమో ఆ చోటు చూసేశానని ముందుకు పోతున్నాడు. ఆ వెనకవాడిని అడిగేవాడే లేడు. ఒకనాడు అనుకోకుండా అలా తప్పించుకున్న నక్క కిటుకు కనిపెట్టి, రోజూ తాగినవాళ్ళ వెనక చేరుతోంది. ఆ మర్యాద అందుకే. అది చాలక తోక తడిసేదాకా తాగుతోంది. అనుకోకుండా ఆ చోట పడి, వరస రోజుల్లో పేరొస్తే నోరు మూసుకుని తాగి వెళ్ళినవాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. పంది అందరికంటే ఎక్కువగా ఆకాశం చూస్తోంది.

బోడెన్న ఎవరినీ తిట్టలేదు. తప్పు తన నడకదని ఒప్పుకుని, లూపును చివరినుంచి మొదటికి నడిచేట్టు మార్చాడు. తెల్లారి పేజీలో కోటిలింగం పేరు లేదు, పంది పేరు లేదు. చివరి పేరు వచ్చేసరికి చెలమలో నీళ్ళు మేక మోకాలిదాకా ఉన్నాయి. చుక్కమ్మ తాగి తాగి తలెత్తి, మళ్ళీ తాగింది. పిల్ల దాని పొదుగు కిందికి దూరి, తోక ఆడించడం మొదలుపెట్టింది. బోడెన్న ఒడ్డునుంచి చాలాసేపు అదే చూశాడు.

ఇక కోటిలింగం సంగతి. ఆ రోజు నీళ్ళు తాగలేదు కనక మర్నాడు దాని వంతే. ఊరికే ఏదో ఒక రాయి మీద నిలబడితే పేరొచ్చేది. కాని అలవాటైన బుద్ధి ఊరుకుంటుందా? వెనకనుంచి నడిచే లూపులో ఏ చోట కనబడకుండా ఉండవచ్చో తేల్చుకోవాలనుకుంది. తాబేలు వెనక నిలబడింది, కాదనుకుని ముందుకొచ్చింది. ఉడుత ముందు నిలబడింది, అదీ కాదనుకుని తోకకు పరిగెత్తింది. అటు మొదలు ఇటు చివర తిరుగుతూనే ఉంది. పైన గద్ద వచ్చి, రాళ్ళ మీద నిలబడ్డవాళ్ళను చూసుకుని, మూట కట్టి వెళ్ళిపోయింది.

తెల్లారి పేజీలో ఎంత వెతికినా నక్క పేరు లేదు. నాలుక వేలాడేసుకుని బోడెన్న దగ్గరకు వచ్చింది.

"ఇవాళ నా వంతు బావా. నా పేరు నువ్వే తీసేశావు కదూ?"

"నేను తీసెయ్యడానికి మూటలో నువ్వు ఉంటేగా" అన్నాడు బోడెన్న. "నిన్న నువ్వు ఏ రాయి మీద నిలబడ్డావో చెప్పు, గద్దను అడుగుతాను."

కోటిలింగం ఆలోచించింది. అన్ని రాళ్ళూ గుర్తొచ్చాయి. తనది ఏదో మాత్రం చెప్పలేకపోయింది.

వరుసలో సందు వెతికేవాడికి సొంత చోటు కూడా దక్కదు.