ఇంటింటా రాజుగారు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు కనుక చెప్పను, అరివీరదేవుడనే రాజుండేవాడు. ఆయనకు ఏనుగులంటే ప్రాణం. వాటికోసం కాలువ ఎగువన పెద్ద గజశాల కట్టించాడు. ఆ కాలువ నీళ్ళే దిగువ నలభై ఊళ్ళూ తాగాలి.

ఆ ఏడు ఊరూరా వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. గజశాల మురికంతా కాలువలో కలుస్తోందని, దాన్ని ఊళ్ళన్నిటికీ దిగువకు మార్చమని రాజవైద్యుడు విన్నవించుకున్నాడు.

"నా ఏనుగుల మీద నింద వేస్తావా? నా రాజ్యంలో జబ్బే లేదు. ఉందన్నవాడి నాలుక కోయిస్తాను!" అని రాజు హుంకరించాడు. పొద్దు వాలేలోగా అదే మాట దండోరా వేయించాడు. పేరెత్తకపోతే జబ్బు జడిసి పారిపోతుందనుకున్నాడు కాబోలు, మహానుభావుడు!

ఆస్థాన విదూషకుడు విస్సన్న ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్నాడు. భార్య సూరమ్మ అదే జబ్బుతో రెండు రోజులుగా తల ఎత్తలేకపోతోంది. వైద్యుణ్ణి పిలవాలంటే జబ్బు పేరు చెప్పాలి. చెబితే నాలుక పోతుంది.

"మశూచి వస్తే అమ్మవారు పోసిందంటాం కదండీ. దీనికీ ఏదో పెద్ద పేరు పెట్టండి" అంది సూరమ్మ నీరసంగా.

విస్సన్న ఒక్క పరుగున వైద్యుడి గుమ్మంలోకి వెళ్ళాడు. "అయ్యా, మా ఇంటికి రాజుగారు వచ్చారు. పొద్దుటినుంచి తొమ్మిదిసార్లు!"

వైద్యుడు తెల్లబోయి చూసి, వెంటనే మందుల సంచి అందుకున్నాడు. మందు పోశాక విస్సన్నను పక్కకు పిలిచి, "నీళ్ళు మారకపోతే నా మందు నాలుగు రోజులకు మించి ఆగదు" అన్నాడు.

ఈలోగా ఆ కొత్త పేరు నలభై ఊళ్ళకూ పాకింది.

మూడోనాడు విస్సన్న సభలో దండం పెట్టి, "మహారాజా, ఏ గడపలో విన్నా తమ మాటే!" అన్నాడు. రాజు మీసం దువ్వుకున్నాడు. ఆ ముచ్చట చెవులారా వినాలని మారువేషం వేసుకుని బయల్దేరాడు. విస్సన్న వెంట నడిచాడన్న మాటే గాని, ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది.

మొదటి గడపలోనే ఒక ముసలమ్మ తల పట్టుకుని కూర్చుని ఉంది.

"అవ్వా, రాజుగారి విశేషాలేమిటి?" అన్నాడు రాజు.

"ఏం చెప్పను నాయనా! నిన్నటినుంచి మా కోడల్ని రాజుగారు పీల్చి పిప్పి చేస్తున్నారు. దానిమ్మ తొక్కు కషాయం పోసినా కట్టలేదు. పక్కింటి పెద్దాయన్నయితే రాజుగారు తీసుకుపోనే పోయారు" అని కళ్ళొత్తుకుంది.

రాజు ముఖం కందగడ్డ అయింది. "విస్సన్నా! ఇది నీ పనేనా? నాలుక కోయిస్తాను!"

"కోయించండి ప్రభూ. కాని నేరమేమని చాటిస్తారు? జబ్బుకు తమ పేరు పెట్టాననా? అలాగంటే రాజ్యంలో జబ్బుందని తమ నోటితో తమరే అన్నట్టు. దండోరా ప్రకారం ముందు తెగేది ఎవరి నాలుకో!"

రాజు నోరు తెరిచి, భయంగా మూసుకున్నాడు. లోపలినుంచి కోడలి మూలుగు వినిపించింది. ఆయన తల దించుకున్నాడు. అంతలోనే తన తెలివితక్కువకు తానే పకపకా నవ్వాడు.

"ఓడిపోయానయ్యా! ఏం కావాలో కోరుకో."

"మా ఇంట్లోంచి తమరు దయచెయ్యండి ప్రభూ, అంతే చాలు" అన్నాడు విస్సన్న.

ఆ సాయంత్రమే ఏనుగులు దిగువకు కదిలాయి. మర్నాటికే కాలువ తేటపడింది, పది రోజులకు సూరమ్మ లేచి గంజి తాగింది. విస్సన్నకు రాజు తన చేతి కంకణం తొడిగాడు.

అదంతా బాగానే ఉంది గాని, ఆ రాజ్యంలో ఇప్పటికీ "రాజుగారు వస్తున్నారు" అని ఎవరైనా కేకేస్తే, జనం పూలదండ కంటే ముందు చెంబు వెతుక్కుంటారట!